చర్చ: లినక్స్ సర్వర్‌లో డేటా పంపే వేగాన్ని అదుపు చేసే క్యూబిక్ పద్ధతి తీసేసి బీబీఆర్‌ను డిఫాల్ట్ చెయ్యాలా?

సర్వర్_సాంబ:
మా సర్వర్ ముంబయిలో ఉంది. చూసేవాళ్ళలో చాలామంది అమెరికాలోని తెలుగువాళ్ళు, పింగ్ (డేటా వెళ్ళి జవాబు వచ్చే సమయం) రెండొందల మిల్లీసెకండ్ల దాకా ఉంటుంది. పెద్ద వీడియో ఫైళ్ళు నత్తనడకన వెళ్ళేవి. బీబీఆర్ మాడ్యూల్ లోడ్ చేసి, కెర్నల్ సెట్టింగులు మార్చే సిస్‌సీటీఎల్‌లో కంజెషన్ కంట్రోల్ (రద్దీని బట్టి పంపే వేగాన్ని అదుపు చేసే పద్ధతి) మార్చాక తేడా స్పష్టంగా కనిపించింది. 2016 డిసెంబరులో వచ్చిన కెర్నల్ 4.9 నుంచీ ఇది లినక్స్‌లోనే ఉంది. మరి 2006 నాటి క్యూబిక్‌నే ఇంకా డిఫాల్ట్‌గా ఎందుకు ఉంచాలి? మార్చేస్తే ఏం పోతుంది?

పాత_కెర్నల్:
పోయేది మీకు కాదండీ, పక్కవాడికి. ప్యాకెట్ (డేటా ముక్క) దారిలో పోతే క్యూబిక్ దాన్ని రద్దీ అనుకుని విండోను (జవాబు రాకముందే పంపగల డేటాను) 30 శాతం తగ్గించుకుంటుంది. బీబీఆర్ మొదటి వెర్షన్ పోయిన ప్యాకెట్లను పెద్దగా పట్టించుకోదు. దారిలో ఎంత బ్యాండ్‌విడ్త్ దొరుకుతోంది, కనీస ఆర్‌టీటీ (వెళ్ళి రావడానికి పట్టే సమయం) ఎంత అని తనే కొలుచుకుని ఆ లెక్కన పంపుతుంది. 2019లో కార్నెగీ మెలన్ పరిశోధకులు ఒక పేపర్ రాశారు: ఎదురుగా 16 క్యూబిక్ కనెక్షన్లు ఉన్నా ఒక్క బీబీఆర్ కనెక్షన్ లింకులో దాదాపు 40 శాతం తీసుకుంది. బంతిలో అందరూ వడ్డన కోసం కూర్చుంటే ఒకడు గరిటె లాక్కున్నట్టు. 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ యూసీ బర్క్‌లీకీ మధ్య రద్దీతో స్పీడ్ సెకనుకు 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. మధ్యలో ఉన్నది 400 గజాలు! ఎవరూ తగ్గకపోతే అదే గతి.

వైజాగ్_ప్యాకెట్:
1986 కథ ఇక్కడ అతకదు సార్, అప్పటికి ఇలాంటి కంజెషన్ కంట్రోలే లేదు. 1988లో దానికి మందు రాసిన వాన్ జేకబ్సన్ బీబీఆర్ రాసినవాళ్ళలోనూ ఉన్నాడు. క్యూబిక్ ఏమైనా బుద్ధిమంతుడా? బఫర్ (దారిలో ప్యాకెట్లు వరుసలో ఆగే చోటు) నిండి ప్యాకెట్ పడిపోయేదాకా తోస్తూనే ఉంటుంది. ఇంట్లో ఒకరు ఫోటోలు అప్‌లోడ్ చేస్తుంటే పక్క గదిలో వీడియో కాల్ ఆగి ఆగి వస్తుంది చూడండి, చాలాసార్లు కారణం అదే. పైగా రద్దీ లేకపోయినా, సిగ్నల్ బాగోలేక పోయిన ప్యాకెట్‌కీ స్పీడ్ తగ్గించుకుంటుంది. గూగుల్ వాళ్ళ పేపర్‌లో 100 ఎంబీపీఎస్, 100 మిల్లీసెకండ్ల లింకు మీద 0.1 శాతం ప్యాకెట్ లాస్‌కే క్యూబిక్ పదో వంతుకు పడింది. సాంబ గారి అమెరికా రూట్‌కి కావలసింది బీబీఆరే.

హాస్టల్_వైఫై:
నా ఉబుంటు ల్యాప్‌టాప్‌లో పెడితే డౌన్‌లోడ్ స్పీడ్ పెరుగుతుందా అన్నా?

వైజాగ్_ప్యాకెట్:
పెరగదు తమ్ముడూ. నిర్ణయం పంపేవాడి కెర్నల్‌ది. నీకు అప్‌లోడ్‌లోనే తేడా, అదీ మార్చాక తెరిచిన కనెక్షన్లకే. హెచ్‌టీటీపీ3 (కొత్త వెబ్ ప్రోటోకాల్) అయితే కెర్నల్‌లోని టీసీపీతో (మనం మార్చే ఈ పద్ధతులు నడిచే ప్రోటోకాల్) పనే లేదు.

సర్వర్_సాంబ:
మధ్యేమార్గంగా, డేటాబేస్ రెప్లికాకు (నకలుకు) వెళ్ళే లోపలి రూట్‌ను క్యూబిక్‌కే వదిలేసి, ఐపీ రూట్ కమాండ్‌తో బయటికి వెళ్ళే డిఫాల్ట్ రూట్‌కు మాత్రం బీబీఆర్ ఇస్తే?

పాత_కెర్నల్:
సరిగ్గా తిరగేశారు! లోపలి నెట్‌వర్క్ మీ సొంతం, అక్కడ ఏం చేసినా అడిగేవాడు లేడు. గొడవంతా బయటి రూట్‌దే. వీడియో పంపే ప్రోగ్రామ్‌లో బీబీఆర్‌ను సాకెట్ ఆప్షన్‌గా (ఆ ప్రోగ్రామ్ కనెక్షన్లకు మాత్రమే) ఇవ్వండి. అనుమతించిన అల్గారిథమ్‌ల జాబితాలో బీబీఆర్‌ను చేరిస్తే ఆ ప్రోగ్రామ్‌కు అడ్మిన్ (root) హక్కులు కూడా అక్కర్లేదు. ఇంకో మాట. గూగుల్ 2023లో బయటపెట్టిన బీబీఆర్ 3వ వెర్షన్ లాస్‌నూ లెక్కలోకి తీసుకుంటుంది. మీరు 4.9 నాటిదని మెచ్చుకుంటున్నది మొదటి వెర్షన్.

వైజాగ్_ప్యాకెట్:
సాకెట్‌కి పెట్టినా రూట్‌కి పెట్టినా ఆ వీడియో ప్యాకెట్లు వెళ్ళేది అదే తీగలో కదండీ. పక్కవాడికి ఒరిగేదేంటి?

పాత_కెర్నల్:
మిగతా ట్రాఫిక్ అయినా మర్యాదగా ఉంటుంది. బ్యాకప్‌లు, లాగ్‌లు, మెయిల్ అన్నిటికీ ఈ దూకుడు ఎందుకు? సాంబ గారూ, స్పీడ్ ఒక్కటే చూశారా, రీట్రాన్స్‌మిట్‌లు (మళ్ళీ పంపాల్సి వచ్చిన ప్యాకెట్లు) చూశారా?

సర్వర్_సాంబ:
చూడలేదండీ. మన ఉదయం పూట వాళ్ళకి రాత్రి, లోడ్ ఎక్కువ అప్పుడే. రేపు కనెక్షన్ల వివరాలు చూపే ఎస్‌ఎస్ కమాండ్ కొట్టి రెండింటి లెక్కలూ ఇక్కడే పెడతా. డిఫాల్ట్ అప్పటిదాకా బీబీఆరే, కోప్పడకండి.