ఐ5 నాలుగో తరం డెస్క్‌టాప్‌లో కొత్త వీడియో ఎడిటర్ నడవాలంటే ర్యామ్ ముందా, ఎస్‌ఎస్‌డీ ముందా?

పాతపెట్టె: ఐ5-4570, 4 జీబీ ర్యామ్ (ఒకటే స్టిక్), 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. డావిన్సీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటర్ వేసుకుని ఫోన్‌లో తీసిన వీడియోలు ఎడిట్ చేసుకోవాలి. ముందు ఏది మార్చాలి? విండోస్ 11 తప్పదా? పాత స్కానర్ ఒకటుంది, అదీ పనిచేయాలి. పవర్ సప్లై మార్చాలా?

నిదానం: ఎస్‌ఎస్‌డీ. ఇంకో మాట లేదు. నా పాత మెషీన్‌లో ఎప్పుడు చూసినా టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గరే ఉండేది. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కేబుల్‌కే తగిలించేది) పెట్టాక ప్రాణం లేచొచ్చింది.

మెగాహెర్ట్జ్: 4 జీబీతో రిజాల్వా? అది 16 జీబీ అడుగుతుందండీ. ర్యామ్ చాలకపోతే డిస్క్‌నే ర్యామ్‌లా వాడుకుంటుంది, అప్పుడు ఎస్‌ఎస్‌డీ కూడా నీరసపడుతుంది. 8 జీబీ స్టిక్‌లు రెండు, ఒకే రకం తీసుకోండి, డ్యూయల్ ఛానెల్ వస్తుంది, అంటే రెండూ కలిసి వేగంగా పనిచేస్తాయి. డీడీఆర్3 అని చూసి మరీ కొనండి, డీడీఆర్4 ఆ స్లాట్‌లో పట్టదు.

నిదానం: బ్రౌజర్ తెరుచుకోవడానికే తిప్పలు పడే మనిషికి 16 జీబీ ఏం చేసుకోమంటారు?

మెగాహెర్ట్జ్: ఆయన అడిగింది ఎడిటర్ గురించి. ప్రశ్న చదవండి ముందు.

కొత్తచిగురు: విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది కదా, 11కి వెళ్ళిపోండి. రూఫస్ అనే ఉచిత టూల్‌తో ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ చేసుకుంటే టీపీఎం (విండోస్ 11 కావాలనే భద్రతా చిప్) అడగదు. నేను అలాగే వేశాను, హాయిగా నడుస్తోంది.

బయోస్‌బాబాయ్: ఈ సలహా చూస్తే ఒళ్ళు మండుతుంది. పెంటియం కాలం నుంచి మదర్‌బోర్డులు విప్పుతున్న మనిషిగా చెప్తున్నా. ఇంటెల్‌లో కొన్ని మినహాయింపులు తప్ప 8వ తరం నుంచే 11కి అనుమతి. దొడ్డిదారిన వేస్తే అప్‌డేట్‌లకు హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. రేపు ఆగిపోతే ఈయన డేటాకి మీరు పూచీ ఉంటారా?

కొత్తచిగురు: నాకు నెలనెలా అప్‌డేట్‌లు వస్తూనే ఉన్నాయి సార్. భయపెట్టకండి.

బయోస్‌బాబాయ్: నెలవారీవి వస్తాయి. ఏటా వచ్చే పెద్ద వెర్షన్ దానంతటది రాదు, మళ్ళీ చేత్తో వేసుకోవాలి. 24హెచ్2 (2024లో వచ్చిన విండోస్ 11 వెర్షన్)తో ఏమైందో తెలుసా? పాప్‌కౌంట్, ఎస్‌ఎస్‌ఈ4.2 అనే ఆదేశాలు (ఇన్‌స్ట్రక్షన్లు) లేని ప్రాసెసర్‌లలో అసలు బూటే కాదు. కోర్ 2 డుయో లాంటి మరీ పాత ఇంటెల్ చిప్‌ల మీద 11 వేసుకున్నవాళ్ళు అక్కడే ఆగిపోయారు.

కొత్తచిగురు: ఆయనది కోర్ 2 డుయో కాదు! 4570లో ఆ రెండూ ఉన్నాయి. సంబంధం లేనిది తెచ్చి నా మాట తప్పని ఎలా తేలుస్తారు?

బయోస్‌బాబాయ్: ఉన్నాయి, ఒప్పుకుంటా. తర్వాతి వెర్షన్ ఇంకేం అడుగుతుందో నువ్వు చెప్పగలవా? అదీ నా ప్రశ్న.

పెంగ్విన్: ఈ గొడవంతా ఎందుకు, విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్ వేసుకోండి. టీపీఎం లేదు, గడువు భయం లేదు.

మెగాహెర్ట్జ్: లినక్స్‌లో ఉచిత రిజాల్వ్ హెచ్.264 (వీడియోను కుదించే ఒక పద్ధతి) ఫైళ్ళనే తీసుకోదు. మళ్ళీ అన్నీ కన్వర్ట్ చేసుకుంటూ కూర్చోవాలి.

పెంగ్విన్: అయితే కెడెన్‌లైవ్ అనే ఉచిత ఎడిటర్ వాడుకోమనండి. అదే కావాలని పట్టుబట్టడం దేనికి?

పాతపెట్టె: స్కానర్ సంగతి ఎవరైనా చెప్తారా?

కోతకూర్పు: నేను ఎడిటింగే పనిగా చేసేదాన్ని. అసలు విషయం ఇక్కడెవరూ పట్టించుకోలేదు. ఇప్పటి ఫోన్‌లలో చాలా హెచ్.265లో (హెచ్.264 తర్వాతిది) రికార్డు చేస్తాయి. నాలుగో తరం చిప్‌లో దాన్ని విప్పే ప్రత్యేక హార్డ్‌వేర్ లేదు, 6వ తరంతో వచ్చింది. అందుకే ర్యామ్ ఎంత పోసినా టైమ్‌లైన్ మీద క్లిప్ కుంటుతుంది. దారి ఒకటే: ముందు ప్రాక్సీలు (అసలు క్లిప్‌లకు తేలికైన నకళ్ళు) తయారుచేసుకుని, వాటి మీద ఎడిట్ చేసి, చివర్లో అసలు ఫైళ్ళతో ఎక్స్‌పోర్ట్ చేయాలి. రిజాల్వ్ గ్రాఫిక్స్ కార్డునీ గట్టిగా వాడుకుంటుంది. కార్డు వేసేటట్టయితేనే పవర్ సప్లై గురించి ఆలోచించండి. వేయకపోతే పాతది చాలు.

మెగాహెర్ట్జ్: అక్కా, ఇది ముందే చెప్పుంటే మేమింతసేపు కొట్టుకునేవాళ్ళం కాదు.

నిదానం: ప్రాక్సీలు ఎక్కడ పెడతారు? ఎస్‌ఎస్‌డీ మీదే కదా. నేను చెప్పిందే నిలబడింది.

గాజుపలక: స్కానర్‌కి: దాని డ్రైవర్ 32-బిట్‌ది మాత్రమే ఉంటే 64-బిట్ విండోస్‌లో ఎక్కదు. విండోస్ 11లో 32-బిట్ అనేదే లేదు. మీ 10 ఏదో సిస్టమ్ సెట్టింగ్స్‌లో చూడండి. 64 మీద ఇప్పటికే స్కాన్ అవుతుంటే బెంగలేదు. లేదంటే మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేసి చూడండి, అందులో చాలా పాత స్కానర్‌లు దొరికిపోతాయి.

పెంగ్విన్: ఇది మొదటి నుంచీ నేను మొత్తుకుంటున్నదే.

బయోస్‌బాబాయ్: ఎవరి మాట విన్నా సరే, బయోస్‌లో (విండోస్ మొదలవకముందు వచ్చే సెట్టింగ్స్) సెక్యూర్ బూటో, టీపీఎమో ముట్టుకునే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. తర్వాత అది అడిగినప్పుడు లేకపోతే ఫైళ్ళు తిరిగి రావు.

పాతపెట్టె: విండోస్ 64-బిట్టే, స్కానర్ దాని మీదే నడుస్తోంది. ముందు ఎస్‌ఎస్‌డీ, వెంటనే ర్యామ్. 10నే ఉంచి, 2026 అక్టోబర్ 13 దాకా ఇచ్చే పొడిగింపు భద్రతా అప్‌డేట్‌లకు నమోదు చేసుకుంటా. ప్రాక్సీలతో చేసి చూస్తా.

కొత్తచిగురు: ఆ తేదీ దాటాక రూఫస్ దగ్గరికే వస్తారు.

తాళంచెవి: మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. నా లాప్‌టాప్‌లో ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంది, స్లాట్ లేదు. ఎం.2 స్లాట్ (చిన్న పలక లాంటి ఎస్‌ఎస్‌డీ పెట్టేది) ఒకటి ఖాళీగా ఉంది, సాటాదా ఎన్‌వీఎంఈదా (సాటా కంటే వేగమైన రకం) ఎలా తెలుస్తుంది?

బయోస్‌బాబాయ్: మోడల్ నంబర్ పెట్టమ్మా. స్లాట్‌లో గాడి ఎటువైపుందో చూసి ఒక్కదానితో తేల్చకు, మాన్యువల్‌లో చూడాల్సిందే.