బొగోటాలో దిగాల్సింది పాత ఊళ్లోనా, ఉత్తరానా? మా ఇంట్లో ఇంకా తేలలేదు

సీతాఫలం:
మేమిద్దరం డాలస్ నుంచి కొలంబియా రాజధాని బొగోటా వెళ్లి ఐదు రాత్రులు ఉండి వచ్చాం. మొదటి రెండు రాత్రులు పాత ఊరు లా కాందెలారియాలో. తర్వాత మావారి పోరు పడలేక ఉత్తరాన ఉసాకేన్‌కి మారాం. వచ్చి నెలైంది. ఎవరైనా అడిగితే చాలు, ఇద్దరం రెండు వేర్వేరు ఊళ్ల గురించి చెబుతున్నాం. నా మాట ఒకటే: మొదటిసారి వెళ్లేవాళ్లు పాత ఊళ్లోనే దిగాలి.

దిగగానే ఆయాసం వచ్చింది. బొగోటా 2,640 మీటర్ల ఎత్తున ఉంది, మన ఊటీ కంటే 400 మీటర్లు పైన. మూడో అంతస్తుకి సూట్‌కేసు మోస్తూ మావారు మధ్యలోనే మెట్ల మీద కూలబడ్డారు. ఇక ఎక్కడికీ వెళ్లలేక వీధి చివర చిన్న కొట్లో కూర్చున్నాం. కొట్టావిడ వేడి చాక్లెట్ ఇచ్చి, పక్కన పళ్లెంలో తెల్లటి చీజ్ ముక్క పెట్టింది. నేను చీజ్ విడిగా కొరుకుతుంటే చూడలేక వచ్చి, మిగిలిన ముక్కని తీసి నా కప్పులో వేసేసింది. నిమిషం ఆగి స్పూనుతో తీస్తే పాకంలా సాగింది. పైన తీపి, అడుగున ఉప్పు. పక్క బల్ల మీదాయన ఆగువపనేలా తాగుతున్నాడు. పనేలా అంటే అచ్చం మన బెల్లమే, వేడినీళ్లలో కరిగించి ఇస్తారు. మా నాయనమ్మ ఎండన పడి వచ్చినవాళ్లకి బెల్లం ముక్క, చెంబుడు నీళ్లు ఇచ్చేది. వీళ్లు చలికి తాగుతున్నారు.

మర్నాడు బంగారం మ్యూజియంకి నడిచే వెళ్లాం. ఎల్ దొరాదో, అంటే బంగారు దొర కథ చెప్పే ఆ బంగారు తెప్ప బొమ్మని, అక్కడి పాత తెగ ముయిస్కాలు చేసినదాన్ని, ఫోటోల్లో చూసి రథమంత ఉంటుందనుకున్నాను. జానెడు కూడా లేదు! మధ్యలో దొర, చుట్టూ మనుషులు, అంతా సన్నటి బంగారు తీగ పని. అరగంట అక్కడే నిలబడిపోయాను. ఉత్తరాన దిగితే దీనికి గంట ట్రాఫిక్‌లో పడి రావాలి.

చాపినేరో చిన్నోడు:
మూడేళ్లుగా ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాను. సీతాఫలం గారూ, పెంకుటిళ్లు, రంగుల గోడలు, రాళ్లు పరిచిన సందులు బాగానే ఉంటాయి, కాదనను. కానీ దాదాపు 80 లక్షల మంది ఉన్న ఊళ్లో ఆ పేట ఎంత? ఇక్కడ ప్రతి ఇంటికీ ప్రభుత్వం 1 నుంచి 6 దాకా ఒక అంకె వేస్తుంది, ఎస్త్రాతో అంటారు. కరెంటు, నీళ్ల బిల్లు దాన్నిబట్టే. కింది అంకెలవాళ్లకి రాయితీ, 5, 6 వాళ్లు ఎక్కువ కడతారు. కొత్తగా పరిచయమైనవాళ్లు ఎక్కడుంటావని అడిగితే చాలాసార్లు ఆ అంకె తెలుసుకోవడానికే. 5, 6 అంకెలు ఎక్కువగా ఉత్తరాన, 1, 2 ఎక్కువగా దక్షిణాన. మీ ఇద్దరి వాదనలోనూ దక్షిణం అన్న మాటే లేదు. సియుదాద్ బొలీవార్ కొండ మీదికి 2018 డిసెంబరు నుంచి కేబుల్ కారు నడుస్తోంది. అక్కడివాళ్లకి అది సిటీ బస్సు లాంటిది.

సీతాఫలం (ఇదే ఖాతా నుంచి మావారు రాస్తున్నారు):
నా వైపు మాట కూడా వినండి. రెండో రోజు మధ్యాహ్నం దారి చూసుకోవడానికి సందులో ఫోన్ తీశాను. లాటరీ టికెట్లు అమ్ముకునే పెద్దాయన గబగబా వచ్చి, నా చెయ్యి దించి, "నో దే పపాయా" అన్నాడు. బొప్పాయి ఇవ్వొద్దనడమేంటి, నా దగ్గర బొప్పాయి ఎక్కడుంది అనుకున్నాను. నువ్వే దొంగకి అవకాశం ఇవ్వకు అని దానర్థమట, హోటల్లో అడిగితే నవ్వి చెప్పారు. ఆయన మంచికే చెప్పాడు, కానీ అప్పటి నుంచీ నాకు టెన్షన్. చీకటి పడితే ఆ సందులు ఖాళీ. రెండు రాత్రులూ ఆరున్నరకే తలుపేసుకున్నాం. ఊరు చూడ్డానికి వెళ్లి గది గోడలు చూశాం. ఉసాకేన్‌లో రాత్రి తొమ్మిదికి కూడా మాల్‌లో, కాఫీ షాపుల్లో జనంలో తిరిగాం. అదీ బొగోటాయే కదా?

ముక్కుసూటి:
కాదండీ. మాల్, కాఫీ షాపు డాలస్‌లో లేవా? అంత దూరం వెళ్లింది దానికా?

చాపినేరో చిన్నోడు:
ఉత్తరాన ఉండే లక్షల మంది బొగోటావాళ్లు కారా ముక్కుసూటి గారూ? పెంకుటిల్లు ఉంటేనే అసలైన ఊరు అనడం టూరిస్టుల సరదా. అయితే మావారు గారికీ ఒక మాట: నా ఫోన్ పోయింది ఉత్తరానే, పట్టపగలు, పెద్ద మాల్ ఎదురుగా. బొప్పాయి అన్ని పేటల్లోనూ పండుతుంది. రాత్రయితే ఎక్కడున్నా రోడ్డు మీద టాక్సీ ఆపకండి, ఫోన్‌లో పిలిపించుకోండి.

సీతాఫలం:
మళ్లీ నేనే. భయం విషయంలో ఆయన్ని తప్పుపట్టను. కానీ వెళ్లకముందే ఇంటర్నెట్‌లో నెల రోజులు చదివి భయాన్ని ఆయనే సూట్‌కేసులో సర్దుకొచ్చారు. అదే సందులో ఆ చాక్లెట్ కొట్టావిడ ఐదేళ్ల కొడుకుని "ఉస్తెద్" అని పిలుస్తోంది, అంటే "మీరు". "మీరు బూట్లు వేసుకోండి" అన్నట్టు! బొగోటాలో మొగుడూ పెళ్లాలు, తల్లీ పిల్లలు కూడా అలాగే మాట్లాడుకుంటారట. గదిలో కూర్చుంటే ఇది వినపడేదా?

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. ఆదివారం పొద్దున్న మేము ఉత్తరాన ఉండబట్టే సైక్లోవియా దొరికింది. ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా పెద్ద పెద్ద రోడ్లు మూసేసి సైకిళ్లకి వదిలేస్తారు, 1970ల నుంచీ ఇదే పద్ధతి. సైకిళ్లు అద్దెకి తీసుకుని ఏడో కర్రేరా అనే పెద్ద రోడ్డు వెంట దక్షిణంగా తొక్కుకుంటూ వెళ్లాం. ముందురోజు బస్సుల పొగతో దాటలేకపోయిన రోడ్డు మీద చిన్నపిల్లలు మూడు చక్రాల బండ్లు తొక్కుతున్నారు. తొక్కీ తొక్కీ పాత ఊరికే చేరాం. ఆ చాక్లెట్ కొట్టు దగ్గర సైకిల్ ఆపింది మాత్రం మావారే, నేను అడగలేదు.

ఆగస్టు ప్రయాణం:
మేం వచ్చే నెల వెళ్తున్నాం, అత్తగారితో సహా. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, పైగా శాకాహారి. ఎక్కడ దిగమంటారు?

చాపినేరో చిన్నోడు:
అత్తగారితోనా! అయితే వాదనే లేదు, లిఫ్టు ఉన్న హోటల్ చూసుకుని ఉత్తరాన దిగండి. పాత ఊరంతా ఎగుడు దిగుడు, ఆ రాళ్ల మీద మోకాళ్లు పోతాయి. మొదటి రోజు ఏమీ పెట్టుకోవద్దు. మోన్‌సెరాతే కొండ 3,152 మీటర్లు, కేబుల్ కారు ఉంది కాబట్టి చివరి రోజుకి ఉంచండి. అహియాకో అని బంగాళదుంపల సూప్ అందరూ చెబుతారు, అందులో కోడి ఉంటుంది, జాగ్రత్త. అరెపా అని మొక్కజొన్న రొట్టె ఉంటుంది, ఆవకాయ సీసా ఒకటి వెంట పెట్టుకుంటే ఐదు రోజులు గడిచిపోతాయి.