మూగజీవాల కోసం నాయకుల్ని పట్టుకోవాలా, కోర్టుకెళ్లాలా?

మంజీర గట్టు: మా కాలనీలో వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల శిబిరం పెట్టారు. చేసేది ఒక స్వచ్ఛంద సంస్థ. బ్యానర్ మీద మాత్రం కార్పొరేటర్ గారి ఫొటో, ఓ మూల చిన్న కుక్క బొమ్మ. ఎన్నికలప్పుడు ‘వీధిలో ఒక్క కుక్క కనిపించదు’ అని ఓట్లడిగింది ఈయనే. ఇలాంటివాళ్లతో సంస్థలు చేయి కలపడం అవసరమా?

పాత ప్లీడరు: అవసరమే. రుక్మిణీదేవి అరండేల్‌ని నాట్యానికే గుర్తు పెట్టుకున్నాం గానీ, 1952లో రాజ్యసభకు నామినేట్ అయ్యాక జంతుహింస మీద ప్రైవేటు బిల్లు పెట్టింది ఆవిడే. ప్రభుత్వమే బిల్లు తెస్తుంది, మీది వెనక్కి తీసుకోండి అన్నారు నెహ్రూ. తీసుకున్నారు. 1960లో చట్టం వచ్చింది, 1962లో జంతు సంక్షేమ బోర్డు ఏర్పడితే తొలి అధ్యక్షురాలు ఆవిడే. సభలో మనిషి లేకపోతే ఇది జరిగేదా?

ఉండి కాలవ: జరిగింది సరే ప్లీడరు గారూ, ఆ చట్టంలో జరిమానా ఎంతో కూడా చెప్పండి. మొదటిసారి దొరికితే 10 నుంచి 50 రూపాయలు! 1960లో రాసిన అంకె ఇప్పటికీ అదే. 2022లో సవరణ ముసాయిదా బయటికొచ్చింది, అక్కడే ఆగింది. మాది పశ్చిమగోదావరి. భోగి నుంచి కనుమ దాకా బరి దగ్గర లక్షల్లో చేతులు మారతాయి. కోడికి కత్తి కట్టినవాడికి యాభై రూపాయలంటే టీ ఖర్చు. పందేలు ఆపమని 2016 డిసెంబరులో హైకోర్టు చెప్పింది. జంతుప్రేమికులు కాళ్లరిగేలా తిరిగి తెచ్చుకున్న ఆర్డరు అది. మూడు వారాలు తిరక్కుండానే సంక్రాంతికి బరులు లేచాయి. ముందు వరస కుర్చీల్లో ఎవరు కూర్చుంటారో మా ఊళ్లో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. వాళ్లతోనా చేయి కలిపేది?

పాత ప్లీడరు: చిన్న సవరణ. జంతువుని చంపినా, అవిటి చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. సెక్షన్లకేం కొదవ లేదు, కేసు కట్టేవాళ్లే లేరు.

ఉండి కాలవ: నేనూ అదే అంటున్నాను కదండీ. కట్టాల్సిన ఎస్సైకి ఫోన్ వచ్చేది ఎక్కడి నుంచి?

ఓరుగల్లు కిట్టు: కోడిపందెం మన సంప్రదాయం. చికెన్ తినేవాళ్లు నీతులు చెప్పొద్దు.

ఉండి కాలవ: మా తాత కూడా పందెం కోళ్లు పెంచాడు తమ్ముడూ, బాదంపప్పు పెట్టి మరీ. డింకీ పందెం ఆడేవాడు, కత్తి కట్టేవాడు కాదు. ఏది సంప్రదాయమో అక్కడ తేల్చుకో.

నాలుగు కాళ్ల నేస్తం: నేను ఏడేళ్లుగా ఆపరేషన్ల కేంద్రంలో వాలంటీరుని. మీరంతా నాయకుల దగ్గరికి వెళ్లాలా వద్దా అని మాట్లాడుతున్నారు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కల నియంత్రణ బాధ్యత స్థానిక సంస్థది. డబ్బూ వాళ్లదే, బోర్డు గుర్తింపున్న సంస్థ ఆపరేషన్ చేసి, టీకా వేసి, గుర్తుగా చెవి కొంచెం కత్తిరించి, పట్టుకున్న చోటే వదలాలి. మున్సిపాలిటీని కాదని మేం చేసేదేం లేదు. చేయి కలపడం వల్ల నష్టం లేదనను. మాకో ఊళ్లో ఎనిమిది నెలల బిల్లు ఆగింది. బోన్లు చాలట్లేదని, కుట్లు మానకముందే వదిలేయమంటున్నారని పేపర్లో మాట్లాడదామంటే ‘బిల్లు వచ్చేదాకా ఊరుకో’ అన్నారు మా పెద్దలు. ఊరుకున్నాం. ఆ ఊరుకోవడమే నాకు నిద్ర పట్టనివ్వదు.

కోర్టు మాత్రం స్థిరంగా ఉందా? 2025 ఆగస్టు 11న ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది సుప్రీంకోర్టు. 22న ఆపరేషను, టీకా అయ్యాక తిరిగి వదలమంది, రేబిస్ ఉన్నవి, మీద పడేవి తప్ప. నవంబరులో స్కూళ్లు, ఆస్పత్రులు, బస్టాండ్ల నుంచి తీసేయమంది, మళ్లీ అక్కడ వదలొద్దంది. ఒక్కో ఆర్డరుకీ మా ఫోన్లు మోగిపోయాయి, టెన్షన్ చెప్పలేను.

మంజీర గట్టు: మరి నాలాంటివాడు ఏం చేయాలండీ? బ్యానర్ చింపాలా?

నాలుగు కాళ్ల నేస్తం: బ్యానర్ ఉండనివ్వండి. కమిషనర్ అధ్యక్షతన పర్యవేక్షణ కమిటీ ఉండాలి, అందులో సంస్థల ప్రతినిధులూ ఉండాలి. ఆపరేషన్లలో తీసిన అవయవాల లెక్క చూశాకే బిల్లు పాసవ్వాలి. మీ ఊళ్లో ఆ కమిటీ ఆఖరుసారి ఎప్పుడు కూర్చుందో కార్పొరేటర్ గారిని అడగండి. నలుగురి ముందు, మైకులో.

ఉండి కాలవ: అడిగాక ఆయన మొహం ఎలా ఉందో ఇక్కడ రాయండి.