భక్త ప్రహ్లాద నాటకానికి పాపను తీసుకువెళ్తున్నాను – చూసినవారు చెప్పండి

చిన్నారి_అమ్మ:
వచ్చే శనివారం సాయంత్రం సురభి నాటక సమాజం వారి భక్త ప్రహ్లాద ఉంది. మా పాపకు ఎనిమిదేళ్లు. ఇంతవరకు బడి వార్షికోత్సవం తప్ప రంగస్థలం మీద మరేమీ చూడలేదు. ఏ వరుసలో కూర్చుంటే బాగుంటుంది? నరసింహుడు వచ్చే ఘట్టానికి పిల్లలు భయపడతారా? పద్యాలు అర్థం కావడానికి ముందుగా ఏమైనా చెప్పి తీసుకువెళ్లాలా? ఎన్నింటికి ముగుస్తుంది? చూసినవారు దయచేసి చెప్పండి.

మూడో_వరుస:
ముందు వరుసలు వద్దు. నేను మూడో వరుసలో కూర్చుని పొరపాటు చేశాను. కొండ మీది నుంచి ప్రహ్లాదుణ్ణి తోసే ఘట్టంలో తీగ కనిపించింది, పొగ మొత్తం మా మీదికే వచ్చింది. ఆరేడు వరుసలు వెనక్కి, సరిగ్గా నడుమ కూర్చోండి. అక్కడి నుంచి పరదాలు మారడం చూస్తే కళ్లు తిప్పుకోలేరు. ఇటు కొలువుకూటం, అటు అడవి, రెప్పపాటులో సముద్రం. ఆ పరదాల మీది రంగుల పనికే టిక్కెట్టు డబ్బు సరిపోయింది అనిపించింది.
ఇక ఆ రోజు ప్రహ్లాదుడు వేసిన అబ్బాయికి తొమ్మిదేళ్లు ఉంటాయేమో. ‘మందార మకరంద’ ఎత్తుకున్నాడు, సభ సభంతా నిశ్శబ్దం. మూడుసార్లు వన్స్ మోర్ వచ్చింది. మూడోసారి నేనే అరిచాను. నా జీవితంలో అంత ఆనందంగా మరో సాయంత్రం గడపలేదు.

తెర_వెనుక_తల్లి:
మూడుసార్లా? మీరు ఆనందపడ్డారు సరే, మూడోసారికి ఆ పిల్లవాడి గొంతు ఎలా ఉందో విన్నారా?
మా అమ్మాయి రెండేళ్లు ప్రహ్లాద వేషం వేసింది. సురభిలో కాదు, మా ఊరి నాటక సమాజంలో. ఒక పరిషత్తు పోటీలో ఇలాగే మూడుసార్లు పాడించారు. మూడోసారి పైస్థాయికి వెళ్లేసరికి గొంతు జీరబోయింది. ముందు వరుసలో ఎవరో నవ్వారు. ఆ తర్వాత ఇంకా ఏనుగుల ఘట్టం, పాముల ఘట్టం, స్తంభం అన్నీ ఉన్నాయి. ప్రతి పద్యానికి ముందు నా వైపు, తెర పక్కకి, చూసేది. ఇంటికి వచ్చాక నాలుగు రోజులు గొంతు పెగల్లేదు. పెద్దవాళ్ల గొంతు వేరు, పసిపిల్లల గొంతు వేరు. వన్స్ మోర్ అరిచేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి.

గుంటూరు_పద్యప్రియుడు:
అమ్మా, మీ అమ్మాయికి జరిగినదానికి నిజంగా బాధగా ఉంది. కానీ వన్స్ మోర్ అన్నది పద్యనాటకానికి ప్రాణం. పీసపాటి నరసింహమూర్తి గారు శ్రీకృష్ణుడుగా రాయబారం పద్యాలు పాడితే ప్రేక్షకులు తెల్లవారేవరకు కదిలేవారు కాదు. పాడినవాడికి అదే కూలి, అదే బిరుదు. పిల్లవాడని వన్స్ మోర్ ఇవ్వకపోతే వాణ్ణి నటుడిగా లెక్కచేయనట్టే కదా? పిల్లవాడు కాబట్టి చప్పట్లు చాలు అనడం వాడిని చిన్నబుచ్చడం.

తెర_వెనుక_తల్లి:
చిన్నబుచ్చడమా! గొంతు పోయి మాట రాక పిల్ల ఏడుస్తుంటే పక్కన కూర్చున్నది నేను, మీరు కాదు. పీసపాటి వారు పెద్దలు, వారికి దశాబ్దాల సాధన ఉంది. తొమ్మిదేళ్ల పిల్లను వారితో పోలుస్తారా?

హార్మోనియం_మాస్టారు:
ముప్పై రెండేళ్లుగా పెట్టె వాయిస్తున్నాను, ప్రహ్లాదులకే పదిహేను మందికి వాయించి ఉంటాను. కాబట్టి ఈ విషయంలో మాట్లాడే అర్హత నాకు ఉందనుకుంటాను.
మీరిద్దరూ ఒక సంగతి వదిలేశారు. ఏ పద్యానికి వన్స్ మోర్ అన్నదే ముఖ్యం. ‘మందార మకరంద’ సీసం. నాలుగు పెద్ద పాదాలు, కింద తేటగీతి, మధ్యలో ఆలాపనలు. పెద్దవాడికే ఊపిరి చాలదు. అదే ‘ఇందుగలడు’ కందం. నాలుగు పాదాలూ కలిపినా చిన్నదే, గొంతుకు బరువు లేదు. సీసానికి ఒకసారికి మించి మళ్లీ పాడించకూడదు. ఇది నేను వాయించే ప్రతి సమాజానికీ ముందే చెబుతాను.
శ్రుతి సంగతి ఇంకొకటి. హిరణ్యకశిపుడు రెండు శ్రుతిలో పాడతాడు, పిల్లవాడికి ఇంకా పైన, అయిదో అయిదున్నరో కావాలి. తండ్రీకొడుకుల సంవాదంలో ఒకరి పద్యం ముగియగానే ఇంకొకరిది మొదలవుతుంది. ఆ క్షణంలో నేను షడ్జం, అంటే ఆధార స్వరం, మార్చుకోవాలి. కొందరు కొత్తవాళ్లు ఈ శ్రమ ఎందుకని పిల్లవాణ్ణి కూడా తండ్రి శ్రుతిలోనే పాడిస్తున్నారు. పసిగొంతు మంద్రంలో మూలుగుతుంది. గొంతులు పాడయ్యేది అక్కడ, వన్స్ మోర్ దగ్గర కాదు.

గుంటూరు_పద్యప్రియుడు:
మాస్టారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. అయితే మీరు ‘ఇందుగలడు’కు వన్స్ మోర్ ఇవ్వవచ్చు అన్నట్టు ఉంది. అది మాత్రం ఘోరం. ఆ పద్యం వినగానే తండ్రి ‘ఈ స్తంభంలో ఉన్నాడా’ అని అడగాలి. ఆ ఉద్రిక్తతను నడుమ కోసేసి మళ్లీ పాడమంటే ఇక స్తంభం చీలినా చీలకపోయినా ఒకటే.

హార్మోనియం_మాస్టారు:
నేను గొంతు బరువు గురించి చెప్పాను, ఘట్టం గురించి కాదు. దయచేసి సరిగ్గా చదివి రాయండి. రసభంగం గురించి నాకు చెప్పనవసరం లేదు.

అడ్వకేట్_కర్నూలు:
గొంతు, రసం అన్నీ సరే. చట్టం ఎవరూ ప్రస్తావించలేదు. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు, 2017లో నియమాలు వచ్చాయి. సర్కస్ మినహా వినోద కార్యక్రమాల్లో బాలనటులను అనుమతించారు, కానీ షరతులు ఉన్నాయి. రోజుకు అయిదు గంటలు మించకూడదు. విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరిట బ్యాంకులో ఉంచాలి. చదువు దెబ్బతినకూడదు. మేకప్పు మొదలు మంగళహారతి వరకు లెక్క వేయండి, మన ఊళ్లలో ఎన్ని నాటకాలు ఈ షరతులకు నిలుస్తాయి?

మూడో_వరుస:
సురభి పిల్లలను కార్మికులు అంటారా? 1885లో వనారస గోవిందరావు గారు కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడినప్పటి నుంచి అది కుటుంబం. పిల్లలు రంగం మీదే నడక నేర్చుకుంటారు. తాత హిరణ్యకశిపుడు, అమ్మ లీలావతి, అన్న తెర లాగుతాడు. ఆ పిల్లవాడికి అది ఇల్లు.

అడ్వకేట్_కర్నూలు:
కార్మికులు అని నేను అనలేదు. చట్టం పేరు చెప్పాను. ఇల్లయినా పిల్లవాడికి నిద్ర కావాలి. మా పెద్దనాన్న కొడుకు ఒక పౌరాణిక సమాజంలో పదేళ్ల వయసు నుంచి వేషాలు వేశాడు, ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. నాకు నాటకం మీద ద్వేషం లేదు. ఆ కుటుంబం పడిన కష్టం కళ్లారా చూశాను కనుక చెబుతున్నాను.

టాకీ_పరిశోధకుడు:
ప్రహ్లాద గురించి ఇంత చర్చ జరుగుతుంటే అసలు చరిత్ర ఒక్కరూ చెప్పలేదు. మన మొదటి తెలుగు టాకీ, అంటే మాటలున్న సినిమా, ఈ నాటకమే. ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారి నాటకం ఆధారం, హెచ్.ఎం. రెడ్డి దర్శకుడు. లీలావతి సురభి కమలాబాయి, హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య, ప్రహ్లాదుడు సింధూరి కృష్ణారావు. చండామార్కుల బడిలో మొద్దబ్బాయిగా వేసింది తర్వాత అంత పెద్ద దర్శకుడైన ఎల్.వి. ప్రసాద్. 1931 సెప్టెంబర్ 15న విడుదల అని ఇప్పటికీ రాస్తున్నారు. తప్పు. 1932 ఫిబ్రవరి 6.

గుంటూరు_పద్యప్రియుడు:
సెప్టెంబర్ 15 అని దశాబ్దాలుగా పండుగ చేసుకున్నాం. ఇప్పుడు తప్పు అంటే ఎలా?

టాకీ_పరిశోధకుడు:
పండుగ చేసుకున్నంత మాత్రాన తేదీ నిజం కాదు. సెన్సారు ధ్రువపత్రమే 1932 జనవరిలో వచ్చింది. సెన్సారు కాకుండా అంతకుముందు ఏడాది ఎలా విడుదల అవుతుంది? ఈ ఒక్క విషయం ఎన్నిచోట్ల రాశానో లెక్కలేదు. మళ్లీ మళ్లీ పాత తేదీయే ముద్రిస్తున్నారు.

చిన్నారి_అమ్మ:
అందరికీ ధన్యవాదాలు. నరసింహుడికి భయపడతారా అని అడిగాను.

మూడో_వరుస:
సినిమాల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. 1967 సినిమాలో రోజారమణి గారి అభినయం ఎవరూ మరువలేరు, కానీ ఆ పాటలు పాడింది ఎస్. జానకి గారు. రంగస్థలం మీద పిల్లవాడే నటించాలి, పిల్లవాడే పాడాలి, పైనుంచి పడాలి, లేచి మళ్లీ శ్రుతిలో ఎత్తుకోవాలి. ఇంత చేస్తున్న పిల్లవాడి ముఖం మీద ఫోను లైటు వేసి వీడియో తీసేవాళ్లను ఏమనాలి? నా ముందు వరుసలో ఆయన నాటకం మొత్తం ఫోను ఎత్తిపట్టుకునే ఉన్నాడు. వన్స్ మోర్ కంటే అది పెద్ద నేరం.

తంజావూరు_తెలుగు:
మా వైపు వన్స్ మోర్ అన్న ఊసే లేదు. తంజావూరు జిల్లా మెలట్టూరులో నరసింహ జయంతికి వరదరాజ పెరుమాళ్ కోవెల ముందు ప్రహ్లాద చరిత్రం ఆడతారు. రాసింది మెలట్టూరు వెంకటరామ శాస్త్రి గారు, భాష మొత్తం తెలుగే. చూసేవారిలో చాలామందికి తెలుగు రాదు, అయినా రాత్రంతా కూర్చుంటారు. అన్ని వేషాలూ మగవారివే, ప్రహ్లాదుడు ఊరి పిల్లవాడు. నరసింహుడి ముఖం కోవెలలో పూజ అందుకునేది. అది ధరించేవారు ఉపవాసం ఉంటారు, ఆవేశం వచ్చినప్పుడు పట్టుకోవడానికి పక్కన మనుషులు నిలబడతారు. ఆ ఎదుట నిలబడి పిల్లవాడు చేతులు జోడిస్తాడు. అక్కడ మళ్లీ పాడు అని ఎవరు అడుగుతారు? మీరు నాటకం చూడటానికి వెళ్తున్నారు, మేము దేవుణ్ణి చూడటానికి వెళ్తాం.

గుంటూరు_పద్యప్రియుడు:
మేము చూసేది దేవుణ్ణి కాదనా? పద్యం విని కన్నీరు పెట్టుకునే ముసలివాళ్లను చూశారా ఎప్పుడైనా? ఈ మాట చాలా నొప్పించింది.

తంజావూరు_తెలుగు:
నొప్పించాలని అనలేదు, క్షమించండి. పోత్తన అంటూ తమిళ యాసలో పలికినా పోతన గారి పద్యాలు మా ఇంట్లో రోజూ వినిపిస్తాయి. తెలుగు రాష్ట్రాల నుంచి ఎవరైనా వచ్చి చూస్తారని ఏటా ఎదురుచూస్తాం. అందుకే ఆవేశపడ్డాను.

బరంపురం_వాసి:
ఒడిశా గంజాం జిల్లాలో కూడా ప్రహ్లాద నాటకం ఉంది, అది ఒడియాలో. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక మీద హిరణ్యకశిపుడు ఎక్కుతూ దిగుతూ నర్తిస్తాడు. మెట్ల కింద నిలబడిన పిల్లవాడు ఇంకా చిన్నగా కనిపిస్తాడు. మన వాళ్లు ఆ మెట్ల పద్ధతి చూసి నేర్చుకోవలసింది చాలా ఉంది.

పాత_ప్రహ్లాదుడు:
చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను కానీ ఎప్పుడూ రాయలేదు. ఈ చర్చ చదివాక రాయకుండా ఉండలేకపోయాను.
ఎనిమిదో ఏట నుంచి పదమూడో ఏట వరకు ప్రకాశం జిల్లా పల్లెల్లో ప్రహ్లాద వేషం వేశాను. స్తంభం అంటే వెదురు బద్దలు, గుడ్డ, పైన రంగు కాగితం. లోపల మా బాబాయి నరసింహుడి ముఖం పెట్టుకుని, ఒంగి కూర్చునేవాడు. ‘ఇందుగలడు’ పాడగానే ఆయన లోపల సర్దుకునేవాడు. ఆ చప్పుడు నాకు వినిపించేది. ఒక ఊళ్లో ఆ పద్యానికి నాలుగుసార్లు వన్స్ మోర్ వచ్చింది. మే నెల. గాలి ఆడదు. నేను పాడిన ప్రతిసారీ బాబాయి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. స్తంభం చీల్చుకుని బయటికి వచ్చేసరికి నిలబడలేకపోయాడు, నా భుజం పట్టుకున్నాడు. జనం అది నరసింహుడి అనుగ్రహం అనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.
నాకు ఆ రోజు బాధ లేదు, గర్వంగా ఉంది. నాలుగుసార్లు! బడిలో అందరికీ చెప్పుకున్నాను. కనుక తల్లిగారు చెప్పినదీ నిజం, పద్యప్రియుడు గారు చెప్పినదీ నిజం. పిల్లవాడు వద్దనడు. వద్దనవలసింది పెద్దవాళ్లు. మా నాన్న తెర పక్క నుంచి చేయి ఊపి ఉంటే సరిపోయేది.
పదమూడో ఏట వేదిక మీదే గొంతు మారింది. ‘మందార’ అనగానే రెండు గొంతులు వచ్చాయి. మా హార్మోనియం ఆయన ఏమీ అనకుండా శ్రుతి దించాడు, దించిన శ్రుతిలోనే నాటకం ముగించాను. మరుసటి ఏడు నా వేషం మా చెల్లెలికి ఇచ్చారు.

హార్మోనియం_మాస్టారు:
శ్రుతి దించినవారు గొప్ప వాద్యకారులు. ఎవరో నాకు తెలియదు కానీ వారికి నమస్కారం.

తెర_వెనుక_తల్లి:
మా అమ్మాయికి మీరు రాసినదంతా చదివి వినిపించాను. మళ్లీ వేషం వేస్తానంటోంది. సీసానికి ఒకసారికి మించి వన్స్ మోర్ ఉండదని సమాజం వారు ముందే ప్రకటిస్తే పంపుతాను.

అడ్వకేట్_కర్నూలు:
కాగితం మీద రాయించుకోండి.

చిన్నారి_అమ్మ:
నిన్న వెళ్లి వచ్చాం. ఏడో వరుస, నడుమ. పెద్ద పాప ఒకామె ప్రహ్లాదుడు వేసింది, పదకొండేళ్లు ఉండవచ్చు. కొండ మీది నుంచి పడ్డప్పుడు మా పాప నా చెయ్యి నొక్కేసింది. నరసింహుడికి అసలు భయపడలేదు, లేచి నిలబడి చూసింది. ‘మందార మకరంద’కు వెనుక నుంచి వన్స్ మోర్ అన్నారు. ఆ పిల్ల ఒక్కసారి నవ్వి మళ్లీ పాడింది. రెండోసారి ఎవరో అరవబోతే పక్కవారు ఆపారు. నేను చప్పట్లు కొట్టాను.
మీరెవరూ చెప్పని ఘట్టానికి భయపడింది. లీలావతి చేతనే కొడుక్కి విషం ఇప్పిస్తారు కదా, అక్కడ. ఆ తల్లి గిన్నె పట్టుకుని ఏడుస్తుంటే మా పాప ముఖం నా ఒడిలో దాచుకుంది. రాత్రి నిద్రపోలేదు. ఆ గిన్నెలో ఏముంది, ఆ అమ్మాయి నిజంగా తాగిందా అని ఇప్పటికీ అడుగుతోంది. ఏమి చెప్పాలో తెలియడం లేదు.

పాత_ప్రహ్లాదుడు:
మాకు బెల్లం నీళ్లు పోసేవారు, అమ్మా. యాలకులు కూడా వేసేవారు. నాటకం మొత్తంలో ఆ ఘట్టం కోసమే ఎదురుచూసేవాణ్ణి. పాపకు చెప్పండి.