అమ్మకి పెంఫిగస్, నాకు ఒక్క పొక్కూ లేదు కానీ యాంటీబాడీ పాజిటివ్, ఏం చేయాలి?

అందరికీ నమస్తే అండి, మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. అమ్మకి రెండేళ్ళుగా పెంఫిగస్ వల్గారిస్ అని చర్మం మీద, నోట్లో బొబ్బలొచ్చే జబ్బు, మొదట నోట్లో పుండ్లు, పెరుగన్నం మింగాలన్నా కళ్ళలో నీళ్ళు తిరిగేవి, తర్వాత వీపు మీద బొబ్బలు చితికి దుప్పటికి అంటుకుపోయేవి, రిటుక్సిమాబ్ అనే మందు ఎక్కించాక ఇప్పుడు చాలా నయం. చర్మకణాల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే డెస్మోగ్లీన్ 3 అనే ప్రొటీన్ మీద ఒళ్ళే యాంటీబాడీలు తయారుచేసుకుంటుందంట. భయమేసి నేనూ ఆ యాంటీబాడీల కోసం ఎలైజా అనే రక్తపరీక్ష చేయించుకున్నా, తక్కువగానే కానీ పాజిటివ్ వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న రక్తసంబంధీకుల్లో కూడా ఇవి కనిపిస్తాయని, వాళ్ళలో ఎక్కువగా ఐజీజీ1 అనే రకం యాంటీబాడీలు, జబ్బు మీదున్నవాళ్ళలో ఐజీజీ4 అని చెప్పి డాక్టర్ మందులేం వద్దన్నారు. అయినా రోజూ పొద్దున్నే అద్దంలో నోరు తెరిచి చూసుకుంటున్నా. మీ ఇళ్ళల్లో ఎవరికైనా ఇలా వచ్చిందా, ఎన్నాళ్ళకోసారి టెస్ట్ చేయించారు? మా చెల్లికి ఇప్పుడు మూడో నెల, తనకీ చేయించమంటారా? దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.