అప్‌డేట్: యాక్సిలరేటర్ నొక్కితే వచ్చే ‘ధబ్’ శబ్దం పోయింది

అందరికీ నమస్కారం. మా తొమ్మిదేళ్ల పెట్రోల్ కారు ఫస్ట్ గేర్‌లో కదిలేటప్పుడు ముందువైపు ‘ధబ్’మంటోందని పోయిన నెల అడిగాను కదా. మొదట చూపించిన చోట గేర్‌బాక్స్ దించాలన్నారు. ఆ టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర లేదు.

మీలో కొందరు సీవీ జాయింట్ (ముందు చక్రాలకు ఇంజిన్ శక్తిని అందించే కీలు) అనుకున్నారు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నడిపి చూశాను, టిక్ టిక్ శబ్దం రాలేదు. దాని మీది రబ్బరు తొడుగులు (బూట్లు) కూడా చిరగలేదు. అసలు దారి చూపింది మీరు చెప్పిన ఇంకో పరీక్ష. బెంగళూరు మారతహళ్లిలో మా మెకానిక్ అన్న బానెట్ తెరిచి, కారుకి ఎదురుగా కాకుండా పక్కన నిలబడ్డాడు. హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేక్ గట్టిగా తొక్కి, ఫస్ట్ గేర్‌లో క్లచ్ కొంచెం వదలమని నాకు చెప్పాడు. ఇంజిన్ ఒక్కసారిగా పైకి లేచింది! రివర్స్‌లో దానికి వ్యతిరేక దిశలో ఒరిగింది. చూస్తే కుడివైపు ఇంజిన్ మౌంట్ (ఇంజిన్‌ని కారు బాడీకి పట్టి ఉంచే దిమ్మ) రబ్బరు చిట్లి, లోపలి ద్రవం కారిపోయి ఉంది. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఆగిన ప్రతిసారీ ఎందుకు కొట్టుకునేదో అప్పుడు అర్థమైంది.

జేసీ రోడ్‌లో మౌంట్ 2,400కి దొరికింది, లేబర్ 800. సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కింద చెక్క దిమ్మ, జాక్ పెట్టి ఇంజిన్ బరువు ఆపి గంటలో మార్చేశాడు. మిగిలిన సన్నని గరగర సైలెన్సర్ హీట్ షీల్డ్‌ది (వేడిని అడ్డుకునే రేకు). బోల్టు బిగించగానే ఆగిపోయింది.

ఆదివారం అమ్మను చూడటానికి చిత్తూరు వెళ్లొచ్చాం. తిరుగు ప్రయాణంలో మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు కూడా ఏ శబ్దమూ లేదు. మీ అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.