సమస్యాపూరణం: కాగితమును రుబ్బి కబురు పంపె

నెల్లూరు అడ్మిన్: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, పైన టైటిల్లో ఉండేదే. రుబ్బినాక ఇంక కాగితం యాడుంటుంది, కబురెట్టా పోద్ది, అదీ చిక్కు. మా పాప పాత పేపర్లు నానబెట్టి థాంక్యూ కార్డులు చేస్తా మిక్సీ పాడుచేస్తా ఉంటే తట్టిందిలే. మూడు పాదాలు మీవి, కానీండి.

కావలి అక్క:
పాత నోటుబుక్కు పత్రముల్ నానించి
జల్లెడందు పరచి చాయ నార్చి
మేలు చేసినట్టి మిత్రుని పేరున
కాగితమును రుబ్బి కబురు పంపె

ఒంగోలు మాస్టారు: యతులు, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో వచ్చే జోడీ అక్షరాలు, కుదిరినయ్ తల్లీ, జల్లెడకి చాయ వేశావు, జ-చ మైత్రి ఉంది. కానీ పంపిందెవరు? పద్యమంతా వెతికినా కర్త దొరకలా. నోటుబుక్కు పక్కన పత్రముల్ అంటే పాంటు మీద ఉత్తరీయం వేసినట్టుంది. ఇంకోటి, జల్లెడలో ఆరేస్తే కార్డు గుండ్రంగా వస్తది కదమ్మా.

కావలి అక్క: గుండ్రంగా వస్తే తప్పేంది మాస్టారూ, కవరు కూడా నేనే చేసుకుంటా 😀 కర్త సంగతి మాత్రం ఒప్పుకుంటున్నా.

పొదిలి తమ్ముడు: నాకు ఒక్క పాదమే వచ్చింది. "అత్తగారి చేతి పచ్చళ్ల సీసాకి". మిగతాది సాయంత్రం పెడతా.

ఒంగోలు మాస్టారు: గణాలు, అదే గురులఘువుల లెక్క, ఓకే నాయనా, యతే లేదు. అ-కి ప ఎట్టా కుదురుద్ది? "అత్త పంపినట్టి యావకాయకు మెచ్చి" అను, యతీ వస్తది అత్తా సంతోషిస్తది.

ఉదయగిరి పెద్దమ్మ:
మెంతులేసి బామ్మ మెత్తని ముద్దగా
చేటకద్ది, మిగులు చిన్న ముక్క
దానిమీద రాసి ధన్యవాదమ్ములన్
కాగితమును రుబ్బి కబురు పంపె

మా చిన్నప్పుడు చిరిగిన పుస్తకాలన్నీ మెంతులతో రుబ్బి చేటలకీ బుట్టలకీ పూసేవాళ్లు, గుర్తుందా ఎవరికన్నా.

నెల్లూరు అడ్మిన్: ఇది మనూరి పద్యం పెద్దమ్మా! చదవతానే మెంతుల వాసనొచ్చింది.

వెంకటగిరి కోడలు:
వెంకటగిరి చీర పీలికల్ కలిపేసి
గుజ్జుచేసి తెరను కొద్దికొద్ది
పోసి యెత్తి గంజి పూసి యెండగనిచ్చి
కాగితమును రుబ్బి కబురు పంపె

పొదిలి తమ్ముడు: వె-కి పీ యతా? నన్నేమో పట్టుకున్నారు.

ఒంగోలు మాస్టారు: ప ఫ బ భ లకి వ చెల్లుద్దిరా, ఎ-ఈ కూడా మైత్రే. ఇక్కడ నా గొడవ వేరే, తడి షీటు మీద గంజి పూస్తే బ్రష్షుకే అతుక్కుని లేచొస్తది, ఒకసారి బాగా ఆరాక పూసి మళ్లీ ఆరబెట్టాలి. పద్యంలో ఆ మొదటి ఆరబెట్టడం ఎగిరిపోయింది.

వెంకటగిరి కోడలు: నిజమే అండీ, రెండుసార్లు ఆరబెట్టడానికి పాదంలో చోటు చాల్లేదు. అసలు పని కూడా అంత ఈజీ కాదు, నూలు పీలికలు అట్నే వేస్తే దారాలు మిక్సీ బ్లేడుకి చుట్టుకుంటయ్, చిన్నచిన్న ముక్కలు కత్తిరించి ఉడకబెట్టి అప్పుడు పేపరు గుజ్జులో కలపాలి. తెరకి కిటికీ దోమల జాలీ చెక్క ఫ్రేముకి కొట్టుకున్నా. గంజి లేకపోతే ఇంకు పెన్నుతో రాసిన అక్షరం పాకిపోద్ది.

నెల్లూరు అడ్మిన్: నా ఓటు దీనికే. గంజి పాదం చేసి చూసినోళ్లకి తప్ప రాదు. పెద్దమ్మది రెండోది. అది సరే గానీ కోడలమ్మా, గంజంటే అన్నం వార్చిందేనా, మైదా ఉడకబెట్టాలా? మా పాప అడుగుతా ఉంది.